ఫారిన్ కిరాయి

శ్రీ ఆంజనేయ నగర్ కాలనీ,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.
12 జూలై 1986

బాలకృష్ణా,

అడ్రసు పైన రాశాను. ముందు దాన్ని వేరే కాగితం మీద ఎక్కించుకుని, తర్వాత మిగతాది చదువు. పాత అడ్రసుకు ఉత్తరం వేస్తే పోస్టుమన్ ఎవరి చేతిలో పెడతాడో చెప్పలేను. ఆ ఇంటిని మీ నాన్న పడగొట్టించి, ముక్కలు చేసి, ప్లాట్ల కింద అమ్మేశాడు. నేను కోడలిగా వచ్చి కాలు పెట్టిన వాకిలి ఇప్పుడు ఎవరిదో స్కూటరు షెడ్డు.

గృహప్రవేశానికి నువ్వు రానందుకు నేనేమీ అనుకోలేదు. పరీక్షలన్నావు. వచ్చిన చుట్టాలు మాత్రం చాలా అనుకున్నారు, వాళ్లకు వేరే పని లేదు. ఇల్లు బాగానే ఉంది. కింద మూడు గదులు, పైన ఒక రేకుల గది. వెనక గది నీది. నీ పుస్తకాలు, క్రికెట్ బ్యాటు అందులోనే పెట్టించాను.

ఒక సంగతి నీకు ముందే చెప్పాలి, లేకపోతే వచ్చినప్పుడు గేటు దగ్గరే కళ్లు తిరిగి పడతావు. ఈ కాలనీలో ప్రతి గేటుకూ ఒక రాతి పలక, ప్రతి పలక మీద యజమాని పేరు, పేరు పక్కన డిగ్రీ. ఎదురింటాయనది బి.కామ్., మూలింటాయనది బి.ఏ., ఎల్.ఎల్.బి. మీ నాన్న జంగయ్య పదో తరగతి తప్పిన సంగతి రాతి మీద చెక్కించుకోలేడు కదా. అందుకని నీ పేరు చెక్కించాడు. నల్లరాతి మీద బంగారు రంగులో, "జె. బాలకృష్ణ, బి.ఇ." అని. "ఇంకా రెండేళ్ల చదువుంది కదరా" అన్నాను. "చెక్కెటోడు కాలనీ మొత్తానికి ఒక్కసారే ఒచ్చిండమ్మా. రెండేండ్లకు మల్ల పిలిస్తే ఒస్తడా వాడు?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. ఈ ఇంట్లో రాసిన పరీక్షలన్నీ పాసైన మనిషిని నేనొక్కదాన్నే. నా పేరు చెక్కించాలని ఎవరికీ తోచలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇక అసలు విషయం. మీ కాలేజీ నుంచి కాగితం వచ్చింది. బయటి రాష్ట్రాల పిల్లలకు ఈ ఏడాది నుంచి ఫీజు రెండింతలట. బయటి రాష్ట్రం! జహీరాబాద్ దాటి ఒక పూట బస్సులో కూర్చుంటే వచ్చే ఊరు. నేను చదువుకున్న రోజుల్లో మనమూ వాళ్లూ ఒకే నిజాం సర్కారు కింద ఉన్నాం. అప్పుడు లేని పరాయితనం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? చేరేటప్పుడు డొనేషను కోసం రెండెకరాలు మింగారు, ఇంకా ఆకలి తీరలేదు. దొంగల్లో కూడా ఇంత పద్ధతిగా దోచేవాళ్లను చూడలేదు, ముందే కాగితం పంపి మరీ దోస్తున్నారు.

మీ నాన్న డబ్బంతా ఎల్బీనగర్ ప్లాట్లలో ఇరుక్కుంది. కొన్నవాళ్లు వాయిదాలు కట్టరు, కట్టనిదే ఈయన రిజిస్ట్రీ చేయడు. అందుకని పైన రేకుల గది కిరాయికిచ్చాను. ఒక ఫారిన్ విద్యార్థి దొరికాడు. పేరు ఇద్రీస్. ఉస్మానియాలో బి.కామ్. చదువుతున్నాడు. తాటిచెట్టంత పొడుగు, గుమ్మంలో వంగి రావాలి. ఏదో దేశం పేరు చెప్పాడు. అరబ్బీ మాట్లాడతాడు, అంటే చమురున్న దేశమే. మన బస్తీల నుంచి సగం మంది మేస్త్రీలు, డ్రైవర్లు వాళ్ల దగ్గరికే కదా పోతున్నది. కిరాయి ఎంత చెప్పాలో తోచక, పక్కింట్లో ఆర్టీసీ కండక్టర్ ఇస్తున్నదానికి రెండింతలు చెప్పాను. బేరమాడతాడనుకున్నాను. తలూపాడు. మూడింతలు చెప్పవలసిందని అప్పుడు తెలిసింది.

ఆ కిరాయి నేరుగా నీ ఫీజులోకి పోతుంది. చమురు మనకూ ఒక విధంగా పనికొస్తున్నది.

నీ పోయిన ఉత్తరానికి పదికి నాలుగు మార్కులు. చేతిరాత కోళ్లు గీరినట్టుంది.

నాయనమ్మ


హొసగుడి, కర్ణాటక.
24 ఆగస్టు 1986

నాయనమ్మకు నమస్కారాలు.

మార్కుల సంగతి తర్వాత. నాన్నకు చెప్పి ఆ పలక తీయించు. ఇప్పటికే ఇద్దరు దోస్తులు దసరా సెలవులకు మనింటికి వస్తామంటున్నారు. గేటు దగ్గర దాన్ని చూస్తే నేను మళ్లీ కాలేజీ మొహం చూడలేను. నాకు సెకండియర్ పేపర్లు రెండు మిగిలి ఉన్నాయి. నాన్నకు ఒకటే చెప్పాను. నీకు రెండూ చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు ఎలాగూ కనుక్కుంటావు.

ఇక్కడ ఎట్లా చదవాలో నాకు అర్థం కావడం లేదు. వర్క్‌షాపులో ఒక్క లేత్ మిషను ఉంది, దాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంటుంది. పోయిన నెల ఇన్స్‌పెక్షన్ అన్నారు. ముందు రోజు లారీలో ఎక్కడి నుంచో మిషన్లు వచ్చాయి. మేమే దింపి వరుసగా పెట్టాం. ఇన్స్‌పెక్షన్ వాళ్లు భోంచేసి వెళ్లారు. మర్నాడు మళ్లీ మేమే లారీకి ఎక్కించాం. రెండేళ్లలో నేను ఆ మిషన్లను ముట్టుకున్నది ఆ రెండు రోజులే.

పాసయితే మాత్రం ఏముంది? మా సీనియర్ ఒకాయన ఫస్ట్ క్లాసు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో దుకాణంలో సీలింగు ఫ్యాన్లు అమ్ముతున్నాడు. "ఇంజనీరువు కదా, ఈ ఫ్యాన్ చప్పుడు చేస్తదా చెయ్యదా చెప్పు" అని గిరాకీలు అడుగుతారట.

ఇంటావిడ నీలమ్మ సంగతి రాయలేదు కదూ. కిరాయి కాకుండా ఈ నెల నుంచి నీళ్ల డబ్బులని కొత్తగా మొదలుపెట్టింది. నాకు ఒక్కడికే. వరండా గదిలో ఉండే మైసూరు అబ్బాయికి లేదు. ఎందుకంటే ఆంధ్రావాళ్లు నీళ్లు ఎక్కువ పోసుకుంటారట! మాది ఆంధ్రా కాదమ్మా, హైదరాబాద్ అంటే, "ఎరడూ ఒందే" అంటుంది. రెండూ ఒకటేనట. బావి దగ్గర నిలబడి నా చెంబులు చూస్తూ ఉంటుంది. స్నానం చేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టుంది నాకు.

నా గదిలో ఎవరినీ పెట్టకు. పై గది ఆయన ఎలాంటివాడు? ఏ దేశమో కనుక్కున్నావా?

బాలకృష్ణ


దిల్‌సుఖ్‌నగర్,
9 సెప్టెంబరు 1986

బాలకృష్ణా,

నీళ్లకు లెక్క పెట్టే మనిషిని నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. చదువుకోసం వచ్చిన పిల్లవాడు ఊరికి కొత్త, అమ్మానాన్నలు దగ్గర లేరు, అలాంటివాడి ఒంటి మీద పడే చెంబులు చూస్తూ నిలబడుతుందా! ఆవిడకు పిల్లలు లేరా? ఉంటే ఏ గడ్డ మీద పెంచుతున్నది వాళ్లను? ఒకసారి నేనే వచ్చి మాట్లాడతాను. నిజాం కాలపు ఉర్దూ ఆవిడకు రాకపోతే ఉత్త తెలుగులోనే మాట్లాడతాను, అర్థం కావలసింది ఎలాగూ అర్థమవుతుంది.

పలక తీయించడం నా వల్ల కాదు. దాని ముందు నిలబడి మీ నాన్న రోజూ పళ్లు తోముకుంటాడు. పైగా ఎల్బీనగర్‌లో మెయిన్‌రోడ్డు మీది కార్నర్ ప్లాటు ఎవరికీ అమ్మకుండా ఆపాడు. ఎందుకురా అంటే, "బాలకృష్ణ ఇంజనీరు ఆఫీసుకు" అన్నాడు. చుట్టూ రాతి కడీలు పాతించి, తీగె కట్టించి, ఒక మేకను కూడా రానివ్వడం లేదు. నీ రెండు పేపర్ల సంగతి నేను చెప్పలేదు. ఆయన సంతోషం పాడుచేయడానికి నాకు తీరిక లేదు.

నీ సీనియర్ ఫ్యాన్లు అమ్ముతున్నాడని బాధపడ్డావు. మన సిద్దిరాములును మర్చిపోయావా? నాదర్‌గుల్ వైపు నుంచి వచ్చి నా బడి పక్కన అద్దెకుండేవాడు, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీ చుట్టూ తిరిగి తిరిగి, ఇప్పుడు మీ నాన్న దగ్గర ప్లాట్లు కొలిచే చోట సున్నం గీతలు గీస్తున్నాడు. మొన్న ఒక కాల్ లెటర్ వచ్చింది, మున్సిపాలిటీలో బిల్ కలెక్టరు ఉద్యోగానికి. వెళ్తే, వరుసలో తన ముందు నిలబడ్డది తనకు పాఠం చెప్పిన ట్యూటరట! "సారు ముందల నేనెట్ల నిలబడ్తనమ్మా? దండం పెట్టి మర్లొచ్చిన" అన్నాడు. తిట్టాను. తర్వాత టీ ఇచ్చాను.

పైగదివాడి గురించి అడిగావు. మర్యాదస్థుడే. మెట్లు దిగేటప్పుడు నన్ను చూస్తే చెయ్యి గుండె మీద పెట్టుకుని "హబూబా" అంటాడు. తిట్టో పొగడ్తో తెలియక నేనూ తలూపుతాను. రాసిన ఇంగ్లీషు దిద్దమని తెస్తాడు, దిద్దుతాను. కానీ కిరాయి దగ్గర మాత్రం పిసినారి. ఈ నెల పది రోజులు ఆగమన్నాడు. షేకులు వాయిదాలు అడగడం నేనెక్కడా వినలేదు. కాలనీకి ఇంకా నల్లా రాలేదు, ట్యాంకరు మీదే బతుకు, అందుకని రోజుకు రెండు బకెట్లే అని ఖచ్చితంగా చెప్పాను. అంత పొడుగు మనిషి, అదుపు లేకపోతే ట్యాంకరంతా ఆయన ఒంటికే చాలదు.

ఆ నీలమ్మకు మాత్రం డబ్బులివ్వకు. పోట్లాడు. నువ్వు మా ఇంటివాడివే అయితే పోట్లాడు.

ఐదు మార్కులు. "ఇన్స్‌పెక్షన్" బాగా రాశావు.

నాయనమ్మ


హొసగుడి,
27 అక్టోబరు 1986

నాయనమ్మా,

దసరాకు వచ్చి నేను వారం రోజులున్నాను. అంతా ఇంట్లోనే చెప్పి ఉండాల్సింది. అమ్మ బాధపడుతుందని చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు గుడికి పోయిన రోజు నేను పై గదికి వెళ్లాను. ఇద్రీస్ స్టవ్ మీద కాఫీ కాచి ఇచ్చాడు. మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చుంటే నా చొక్కా తడిసిపోయింది. నీ షేకు ఏ దేశం వాడో తెలుసా? సూడాన్. వాళ్ల నాన్నకు చమురు బావి లేదు. తుమ్మచెట్లకు గాట్లు పెట్టి, కారిన జిగురు ఎండబెట్టి అమ్ముతాడు. నీ బడి టేబుల్ మీద సీసాలో ఉండేది, కవర్లు అంటించే ఆ తుమ్మ జిగురు. రెండేళ్లు వానల్లేక వాళ్ల వైపు కరువు. పశువులు పోయాయి, మనుషులూ పోయారు. ఇంటి నుంచి డబ్బు మూడు నెలలకోసారి వస్తే వచ్చినట్టు. ఇక్కడేమో యూనివర్సిటీలో ఫారిన్ వాళ్లకు ఫీజు వేరే. పార్ట్ టైం పని చేసుకుందామంటే, చేస్తే వీసా పోతుంది. రాత్రి ఒక్క పూటే తింటున్నాడు.

కిరాయి గురించి నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. పక్కింటి కండక్టర్‌కు పక్కా కప్పు, రెండు గదులు, బావి. కిరాయి మాత్రం ఈయన ఇచ్చేదాంట్లో సగం. మీకు తెలియదా ఇది అని నేను ఆయన్ని అడిగితే, "తెలుసు. మీ దేశంలో పద్ధతి అనుకున్నాను" అన్నాడు. ఇప్పుడు కాలనీలో అందరూ అదే రేటు చెబుతున్నారట. ఎవరినడిగినా "హెడ్మిస్ట్రెస్సమ్మే అంత తీసుకుంటుంది, మాకేమయింది?" అంటున్నారట. దానికి పేరు కూడా పెట్టారు, ఫారిన్ కిరాయి.

నా మీద రెండింతలు వేసినందుకు కాలేజీ వాళ్లను దొంగలన్నావు. నా చెంబులు చూసినందుకు నీలమ్మను తిట్టావు. పైన ఆయనకు రెండు బకెట్లు. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా?

"హబూబా" అంటే ఏమిటో అడిగాను. వాళ్ల భాషలో నాయనమ్మ అట.

నువ్వు పంపిన మనియార్డరు తిప్పి పంపాను. ఆ డబ్బుతో నేను ఇంజనీరు కాను. పరీక్ష ఫీజు కట్టడానికి జనవరి దాకా గడువుంది. అప్పటికి వేరే దారి దొరక్కపోతే మానేసి వస్తాను. సిద్దిరాములన్న సున్నం పోస్తాడు, నేను టేపు పట్టుకుంటాను. ఎం.ఎస్సీ.కి దొరికిన ఉద్యోగం నాకు దొరకదా?

బాలకృష్ణ


దిల్‌సుఖ్‌నగర్,
5 నవంబరు 1986

పదికి తొమ్మిది. ఒక్క తప్పు లేదు. కోపం వస్తే నీకు చేతిరాత కూడా కుదురుతుందని తెలిసుంటే నీ చిన్నప్పటి నుంచి రోజూ కోపం తెప్పించేదాన్ని. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, "చదువుకున్నదానివి" అన్న చోట.

మనియార్డరు తిరిగొచ్చింది. పోస్టుమన్ వాకిట్లో నిలబడి, కాలనీ అంతా వినేలా, "అమ్మా, మీ మనవడు పైసలొద్దన్నడు!" అని చెప్పిపోయాడు. మీ అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. మీ నాన్నకు నేనే ఏదో చెప్పాను. ఏం చెప్పానో నీకనవసరం.

నువ్వు నాకు పాఠం చెప్పావు. బాగుంది. ఇక నేను చెబుతాను విను. ఆ కిరాయి లేకపోతే నీ ఫీజు లేదు. మీ కాలేజీ వాడు నీ మీద వేస్తే, నేను ఇంకొకరి మీద వేశాను. నాకు ఇంకొకరెవరున్నారు? మంత్రులా? ఏ దేశమని నేను అడగలేదు, నిజమే. అడిగితే కిరాయి తగ్గించమంటాడని అడగలేదు. ఇల్లు నడిపేవాళ్లు అన్నీ అడుగుతూ కూర్చుంటే ఇల్లు నడవదు. పరాయి డబ్బు మీద చదవలేనని చెప్పడానికి ముందు కడుపు నిండి ఉండాలి, నీ కడుపు ఎవరు నింపుతున్నారో ఒకసారి చూసుకో.

మానేస్తానన్న మాట ఇంకోసారి రాయకు. నీ డొనేషను కోసం పోయిన రెండెకరాలు నా పుట్టింటివాళ్లు నాకిచ్చినవి. ఆ సంగతి నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనేదాన్ని కాదు.

నీ గొడవంతా ఆ నీలమ్మతో మొదలైంది. ఆవిడ నీళ్ల డబ్బులు అడక్కపోతే నీకు ఈ లెక్కలన్నీ తోచేవే కావు. వచ్చే నెల మొదటి వారం నేనే వస్తున్నాను. చెంబులు ఎవరు చూస్తారో చూస్తాను.

అండాలమ్మ


(కార్డు)
దిల్‌సుఖ్‌నగర్,
10 డిసెంబరు 1986

బాలకృష్ణా,

క్షేమంగా చేరాను. బస్సులో నడుం విరిగింది. పైగది ఖాళీ చేయించాను. ఇంకెవరి దగ్గరా ఫారిన్ కిరాయి తీసుకునేది లేదు, నీకు శాంతిగా ఉంటుంది. నీలమ్మ ఏం చెప్పినా తలూపు, ఎదురు మాట్లాడకు. కార్డు మీద ఇంతకన్నా పట్టదు, వివరంగా తర్వాత రాస్తాను.

నాయనమ్మ


హొసగుడి,
18 డిసెంబరు 1986

నాయనమ్మా,

కార్డు అందింది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

నేను కిరాయి తగ్గించమన్నాను. మనిషిని వెళ్లగొట్టమనలేదు. ఆయనకు మార్చిలో పరీక్షలు. ఇప్పుడు సామాను నెత్తిన పెట్టుకుని కాలనీలు తిరిగితే ఎవరిస్తారు గది? ఇచ్చినా నువ్వు పెట్టిన రేటే చెబుతారు. నా మీది కోపం ఆయన మీద తీర్చుకున్నావు. నాకు శాంతిగా ఉంటుందని మళ్లీ అదొకటి రాశావు.

నువ్వు వచ్చి ఇక్కడేం చేసిపోయావో కూడా నాకు అర్థం కావడం లేదు. నన్ను వేరుశనక్కాయలు కొనుక్కు రమ్మని పంపి, నీలమ్మతో వంటింట్లోకి పోయి తలుపేసుకున్నావు. నేను వచ్చేసరికి లోపల ఇద్దరూ ఉర్దూలో అరుస్తున్నారు. తర్వాత ఎవరో ఏడ్చారు. తర్వాత ఎవరో నవ్వారు. తలుపు తీసేసరికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. బస్సెక్కేదాకా నువ్వు నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ వాలకమే మారిపోయింది. ఈ నెల కిరాయి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నీళ్ల డబ్బులు అడగడం లేదు. పొద్దున జొన్నరొట్టెలు ఇచ్చింది. మా వరండా అబ్బాయి చెప్పడమేమంటే, కిరాయి తీసుకోకపోవడం అంటే ఖాళీ చేయించడానికేనట, తీసుకుంటే ఉంచుకోవాల్సి వస్తుందని తీసుకోరట. పైగా ఆవిడకు హైదరాబాద్‌లో ఒక కొడుకున్నాడట, పెట్టె సర్దుకుంటున్నాడని విన్నాను. వస్తే నా గదే ఇస్తారు. నువ్వు పోట్లాడి నాకు గది లేకుండా చేశావు, అక్కడ ఇద్రీస్‌కూ లేకుండా చేశావు.

నేనూ పెట్టె సర్దుకుంటున్నాను. సంక్రాంతి లోపల వచ్చేస్తాను. పరీక్ష ఫీజు కట్టడం లేదు.

బాలకృష్ణ


దిల్‌సుఖ్‌నగర్,
22 డిసెంబరు 1986

బాలకృష్ణా,

పెట్టె మూసి మంచం కింద పెట్టు. ఈ ఉత్తరం మొత్తం చదివిన తర్వాత కూడా తెరవాలనిపిస్తే తెరువు.

తప్పు నాది. పదిహేను పైసల కార్డు మీద ఇంత కథ పడుతుందనుకున్నాను. ఇద్రీస్ ఎక్కడికీ పోలేదు. పై గది ఖాళీ చేయించింది ఆయన్ని కిందికి దింపడానికి. నీ గదిలో ఉన్నాడు. నీ గదిలో ఎవరినీ పెట్టవద్దన్నావు, ఆ మాట వినలేదు. నీ క్రికెట్ బ్యాటుకు ఆయన వల్ల ఇబ్బందేమీ లేదు. కండక్టర్ ఇచ్చేదే ఆయనా ఇస్తాడు. ఎందుకు తగ్గించావని అడిగాడు. లెక్క తప్పు పడిందన్నాను. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇకమీదట రాత్రి భోజనం మా పంక్తిలోనే. మీ అమ్మ పెట్టే కారానికి ఆయన కళ్ల నుంచి నీళ్లు కారతాయి, అయినా వద్దనడు.

ఇక నీలమ్మ. పోట్లాడటానికే వచ్చాను, అందులో అబద్ధం లేదు. బస్సులో మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను. వంటింట్లో తలుపేసి మొదలుపెట్టాను. పరాయి బిడ్డ నీళ్లకు లెక్క పెట్టడం ఎక్కడి న్యాయం, నీకు కొడుకుల్లేరా అన్నాను. ఆవిడ ఉర్దూ నా ఉర్దూ కంటే పదునుగా ఉంది. "ఉన్నాడమ్మా. ఒక్కడే. మీ హైదరాబాద్‌లోనే చదువుతున్నాడు. మీవాళ్లే నాకు ఈ విద్య నేర్పింది" అంది.

శరణప్ప అని ఆవిడ కొడుకు. మన దగ్గరే, సరూర్‌నగర్‌లో గది తీసుకుని బి.ఎస్సీ. చదువుతున్నాడు. నిరుడంతా మామూలు కిరాయే. మొన్న జూలై ఆఖరున ఇంటాయన వచ్చి, నువ్వు కర్ణాటక వాడివి, బయటివాడివి, రెండింతలియ్యి అన్నాడట. ఇదెక్కడి పద్ధతని పిల్లవాడు అడిగితే, "పక్క కాలనీల ఎవరో హెడ్మిస్ట్రెస్సమ్మ షురూ చేసింది. సదువుకున్నామెనే తీసుకుంటుంటె, నాకేం రోగం?" అన్నాడట. ఈవిడ విధవ, వరండా గదీ నీ గదీ తప్ప రాబడి లేదు. కొడుక్కు పంపడానికి చాలక, ఆగస్టు నుంచి నీ దగ్గర నీళ్ల డబ్బులు మొదలుపెట్టింది. అది చెబుతూ ఏడ్చింది. ఏడ్చింది ఆవిడ. నవ్వింది నేను. నవ్వుతూనే నేనూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

నీ నీళ్లకు లెక్క పెట్టింది ఎవరో ఇప్పుడు నీకు తెలిసింది. ఆ హెడ్మిస్ట్రెస్ ఎవరో నేను ఆవిడకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

తర్వాత ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. మన వైపు కుండమార్పిడి పెళ్లిళ్లు చూశావు కదా. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి. కట్నాలుండవు, ఎవరి పిల్లను ఎవరు ఏమైనా అంటే రెండో ఇంట్లో పిల్లకు అదే దెబ్బ తగులుతుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. వాళ్లవైపు కూడా ఉందట. నేనే అడిగాను, "కొడుకులతో చేస్తే ఏం?" అని. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసి, సరేనంది. శరణప్ప మా పై గదిలో ఉంటాడు, నువ్వు ఆవిడ ఇంట్లో ఉంటావు. ఇక్కడా కిరాయి లేదు, అక్కడా లేదు. శరణప్పకు నేనెన్ని బకెట్లిస్తే నీకు అన్ని చెంబులు. అందుకే నీ డబ్బు తీసుకోలేదు, అందుకే జొన్నరొట్టెలు. ఆ అబ్బాయి పెట్టె సర్దుకున్నది మీ ఊరికి రావడానికి కాదు, మా మెట్లెక్కడానికి. నిన్ననే దిగాడు. రేకుల మీద తాటాకులు కప్పించాను. రాగానే మీ అమ్మను అక్కా అన్నాడు, ఆవిడ ఇక ఎవరి మాటా వినదు. మీ వరండా అబ్బాయికి మాత్రం చెప్పు, లా చదవవద్దని.

మిగిలింది కాలేజీ. కాలేజీతో కుండమార్పిడి చేసుకోలేం, వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఒక లేత్ మిషను తప్ప. కాబట్టి మీ నాన్నను కూర్చోబెట్టి నీ రెండు పేపర్లు, అరువు మిషన్లు, ఫ్యాన్లమ్మే సీనియర్, అన్నీ చెప్పాను. ఎల్బీనగర్ కార్నర్ ప్లాటు అమ్మమన్నాను. "అమ్మా, గది పిలగాని ఆఫీసు జాగ!" అన్నాడు. ముందు పిలగాడు ఉండాలి కదరా, తర్వాత ఆఫీసు అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కడీలు పీకించాడు. నువ్వు ఇంజనీరు కావడానికి ఇంజనీరు ఆఫీసు పోయింది. నవ్వాలో ఏడవాలో నీ ఇష్టం. నేను రెండూ నీలమ్మ వంటింట్లో పూర్తి చేసి వచ్చాను.

దీనితో పాటు పరీక్ష ఫీజుకు మనియార్డరు పంపుతున్నాను. ఇందులో ఇద్రీస్ డబ్బు లేదు, నా పెన్షన్. తిప్పి పంపావంటే ఆ పోస్టుమన్‌ను ఈసారి వాకిట్లోకి రానివ్వను. పాసయితే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. నేను హెడ్మిస్ట్రెస్‌ను, జ్యోతిష్కురాలిని కాదు. సిద్దిరాములుకు బిల్ కలెక్టరు ఉద్యోగం రాలేదు, ఆ ట్యూటరుకూ రాలేదు, ఎవరో ఇంటర్ ఫెయిలైన వాడికొచ్చింది. కోపం నాకూ ఉంది. ఎవరి మీద చూపించాలో తెలియక దగ్గర్లో కనబడ్డవాడి మీద చూపించాను. నువ్వు ఆ పని చేయకు. పేపర్లు రాయి.

గేటు పక్క పలక సంగతి. పూర్తిగా తీయించనివ్వలేదు మీ నాన్న. నీ పేరు అట్లాగే ఉంది. "బి.ఇ." మీద మాత్రం సున్నం కొట్టించాను. కొట్టింది సిద్దిరాములు. కుంచె పట్టుకుని ఆ రెండక్షరాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏమయిందయ్యా, నీ చదువుకు తగ్గ పని దొరికింది కదా అన్నాను. నవ్వలేదు.

"గట్టిగ పట్టే సున్నం ఏస్తలేనమ్మా. జిగురు కలపలే. పిలగాడు పాసయి ఒచ్చినంక గోటితోని గీకితె రాలుతది" అన్నాడు.

నాయనమ్మ